బెర్గెన్ నగర సందర్శనం: విహారము, విడిది

నార్వే దేశమనగానే మన విద్యార్థులకు భూగోళ శాస్త్రంలో చదువుకొన్న అర్ధరాత్రి సూర్యుడు మాత్రమే జ్ఞప్తికి వచ్చును. ఆ దేశపు పశ్చిమ తీరంలో బెర్గెన్ అను ప్రాచీనమైన రేవు పట్టణం కలదు. ఓలావ్ క్యూరె అను రాజు 1070లో దీనిని స్థాపించినాడని ప్రతీతి. సుమారు మూడు లక్షల జనాభాతో నేడిది ఆ దేశంలో రెండవ పెద్ద నగరంగా ఉన్నది. యాత్రికులు పలువురు కొండనెక్కి, సముద్రపు పాయలను చూచి, ఒక్క దినంలోనే మరలిపోవుచుందురు. కాని ఏ నగరాన్నైనను తెలిసికొనవలెనన్న, పూర్వం అక్కడి సామాన్య జనులు ఎట్టి గదులలో కాలం గడపినారో చూడవలెనని మా అభిప్రాయం. ఆ దృష్టితోనే ఈ నగర విశేషాలను ఇక్కడ వివరించుచున్నాము.

బెర్గెన్ చుట్టును ఏడు కొండలున్నవని చెప్పుకొందురు. అట్లాంటిక్ సముద్రం మీదుగా వచ్చు తేమగాలులు ఈ కొండలకు తగిలి వర్షించును. అందువలన ఏటా రెండువేల మిల్లీమీటర్లకు పైగా వాన కురియును. ఇది మన హైదరాబాదు వర్షపాతానికి రెండింతలకు మించినది. వేసవిలో పోవువారైనను గొడుగు, ఉన్ని దుస్తులు మరువరాదు. 1918 నుండి నడుచుచున్న కొండ రైలు ఎక్కినచో కొద్ది నిమిషాలలో సముద్ర మట్టానికి 320 మీటర్ల ఎత్తున ఉన్న ఫ్లోయెన్ శిఖరాన్ని చేరవచ్చును. అక్కడి నుండి నగరం, రేవు, దీవులు ఒక్క చూపులో కానవచ్చును.

రేవు ఒడ్డున బ్రిగ్గెన్ అను కొయ్య ఇండ్ల వరుస ఉన్నది. 1360 ప్రాంతంలో జర్మనీ దేశపు హాన్సా వర్తక సంఘం ఇక్కడ తన కార్యాలయాన్ని నెలకొల్పినది. ఉత్తర నార్వే నుండి వచ్చు ఎండుచేపలను కొని, బదులుగా ధాన్యాన్ని విక్రయించుట వారి వ్యాపారం. పని నేర్చుకొనుటకై జర్మన్ పట్టణాల నుండి వచ్చిన బాలురు ఈ ఇండ్లలోనే, బీరువాల వంటి ఇరుకైన పడకలలో నిద్రించెడివారు. అగ్ని భయం వలన ఇండ్లలో పొయ్యి వెలిగింపరాదను కట్టడి ఉండెను. చలికాలంలో వేడి కొరకును, వంట కొరకును వెనుక ప్రత్యేకంగా కట్టిన సమావేశ గృహాలకు పోవలసి వచ్చెడిది.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను 1702లో ఈ పేట దగ్ధమైనది. పౌరులు పాత పునాదుల మీదనే, పాత పద్ధతిలోనే తిరిగి కట్టుకొన్నారు. 1955లో మరల కొంత భాగం కాలిపోగా, ఆ స్థలంలో జరిపిన త్రవ్వకాలలో రూన్ లిపిలో చెక్కిన కొయ్య ముక్కలు వందలకొలది లభించినవి. సరుకుల లెక్కలు, ప్రేమలేఖలు, ఇంటి విషయాలు వానిలో ఉన్నవి. వీనిని ప్రదర్శించు మ్యూజియం 1976లో తెరువబడినది. 1979లో యునెస్కో సంస్థ బ్రిగ్గెన్‌ను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినది.

ఇక యాత్రికులు తరచుగా విస్మరించునట్టి స్థలం సెయింట్ యోర్గెన్ కుష్ఠురోగుల ఆసుపత్రి. పదునైదవ శతాబ్దం నాటికే ఉన్న ఈ సంస్థ, 1702 అగ్ని ప్రమాదం తరువాత పునర్నిర్మింపబడినది. నడుమ పొడవైన హాలు, ఇరువైపుల చిన్న చిన్న గదులు ఉన్నవి. ఒక్కొక్క గదిలో ఇద్దరేసి రోగులు, పెక్కుమంది మరణించువరకును, నివసించినారు. ఆ కాలంలో అక్కడి వైద్యులు పెక్కురు ఇది వంశపారంపర్యమైన వ్యాధియని తలచెడివారు. బెర్గెన్‌కు చెందిన డాక్టర్ గెర్హార్డ్ ఆర్మవర్ హాన్సెన్ 1873లో సూక్ష్మదర్శిని ద్వారా ఈ వ్యాధి క్రిమిని కనుగొని, ఇది అంటువ్యాధియని వాదించినాడు. అయితే ఒక రోగి స్త్రీ కంటిలో, ఆమె అనుమతి లేకయే, వ్యాధి పదార్థాన్ని ప్రవేశపెట్టినందుకు 1880లో న్యాయస్థానం ఆయనను ఆసుపత్రి వైద్య పదవి నుండి తొలగించినది. విజ్ఞానం ఎంత గొప్పదైనను మనిషి సమ్మతిని మించినది కాదని ఆ తీర్పు చాటుచున్నది. చివరి ఇద్దరు రోగులు 1946లో మరణించిన పిమ్మట ఈ భవనం మ్యూజియంగా మారినది. మన నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ నెలకొల్పిన కుష్ఠురోగుల ఆసుపత్రిని ఎరిగినవారికి ఈ గదులు పరాయివిగా తోచవు.

నగరం వెలుపల చూడవలసినవి ఫియోర్డులు. పూర్వం హిమానీనదాలు కొండలను లోతుగా కోయగా, ఆ లోయలలోనికి సముద్రం చొరబడి ఇవి ఏర్పడినవి. ఉదయం బెర్గెన్‌లో రైలెక్కి మిర్దాల్ చేరి, అక్కడి నుండి 20 కిలోమీటర్ల దూరంలో 860 మీటర్లకు పైగా దిగివచ్చు ఫ్లోమ్ రైలులో సముద్ర తీరానికి చేరవచ్చును. అచ్చటి నుండి పడవలో నెరోయ్ ఫియోర్డు చూచి, బస్సులోను, రైలులోను ప్రయాణించి రాత్రికి నగరం చేరవచ్చును.

బస విషయానికి వచ్చినచో, రేవు ప్రాంతపు హోటళ్లు విద్యార్థుల స్తోమతకు మించినవి. యువజన వసతి గృహాలలో పలువురు కలిసి ఉండు గదులు, ఎవరికి వారు వండుకొను వంటశాలలు లభించును. జూన్ నుండి ఆగస్టు వరకు రద్దీ అధికం కనుక నెలల ముందే గది కుదుర్చుకొనవలెను. 1957 నాటి చట్టం ప్రకారం, సాగులో లేని భూమిలో, ఇండ్లకు కనీసం 150 మీటర్ల దూరంలో, రెండు రోజుల వరకు అనుమతి లేకయే గుడారం వేసికొనవచ్చును. చేపలు సమృద్ధిగా లభించును గనుక హలాల్ నియమం పాటించువారికి ఆహారపు చిక్కు అంతగా ఉండదు. అయితే జూన్ మాసంలో పగలు దాదాపు 19 గంటలుండును. సూర్యాస్తమయం రాత్రి 11 గంటలు దాటిన పిదపనే గాన, మగ్రిబ్ నమాజు వేళను ముందుగా తెలిసికొనుట మంచిది.

కొండలు, జలపాతాలు కన్నులకు ఇంపు కలిగించును. పొయ్యి లేని గదిలో వణకిన బాలుని పడకయు, ఇల్లు వీడి వచ్చిన రోగి గదియు మనస్సును తట్టిలేపును. తాము అనుభవించిన కష్టాన్ని దాచక భద్రపరచినందుననే బెర్గెన్ పౌరులు మనకు గౌరవపాత్రులైనారు. మన విద్యార్థులు ఏ ఊరికి విహారయాత్ర పోయినను, సుందర దృశ్యాలతోపాటు ఇట్టి గదులను కూడ వెదకి చూతురు గాక.