మద్దెలదే తప్పు

ఆడలేక మద్దెల ఓడన్నారని సామెత. కంప్యూటర్‌నే వాద్యంగా మలచుకున్న ఔత్సాహికుల విషయంలో మాత్రం తప్పు చాలాసార్లు మద్దెలదే. మీట నొక్కగానే స్వరం పలకదు. కంప్యూటర్ శబ్దాన్ని కొంచెం కొంచెంగా తయారుచేసి, బఫర్ అనే తొట్టిలో పోసి, సౌండ్ కార్డుకు అందిస్తుంది. సెకనుకు 48,000 శాంపిల్స్ (శబ్దపు తునకలు) పలికే చోట 1,024 శాంపిల్స్ తొట్టి ఒక్కటే 21 మిల్లీసెకన్ల ఆలస్యం తెస్తుంది. గాలిలో శబ్దం వచ్చే వేగంతో చూస్తే, వాద్యం ఏడు మీటర్ల అవతల ఉన్నట్టు లెక్క. 64 శాంపిల్స్‌కు కుదిస్తే ఆ దూరం అర మీటరుకు తగ్గుతుంది. కానీ అప్పుడు నిమిషానికి 45,000 సార్లు గడువులోగా తొట్టి నింపాలి. ఒక్కటి తప్పినా చెవికి చిటుక్కుమని తెలిసిపోతుంది.

ఇంకా వేగమైన ప్రాసెసర్ కొంటే సరిపోదా? సరిపోదు. ప్రాసెసర్ సగటున ఎంత చురుగ్గా పనిచేసినా, డిస్కు కోసమో వైఫై కోసమో ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నెల్ ఒక్కసారి పది మిల్లీసెకన్లు అటు తిరిగితే పాట తెగుతుంది. సంగీతానికి కావలసింది వేగం కాదు, వేళకు అందుతుందన్న భరోసా. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ శబ్దచరిత్రంతా ఈ భరోసా కోసం పడిన శ్రమేనని నా అభిప్రాయం. 1990ల మొదట్లో హన్ను సవొలైనెన్ రాసిన సౌండ్ బ్లాస్టర్ డ్రైవర్ నుంచి ఓఎస్‌ఎస్ అనే శబ్దవ్యవస్థ పుట్టింది. గ్రావిస్ అల్ట్రాసౌండ్ కార్డు కోసం యారొస్లావ్ కిసెలా మొదలుపెట్టిన పని ఆల్సా అనే మరో వ్యవస్థగా ఎదిగి, 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెల్‌లో ఓఎస్‌ఎస్ స్థానం తీసుకుంది. ఆర్డోర్ అనే రికార్డింగ్ ప్రోగ్రామ్ రాస్తున్న పాల్ డేవిస్ జాక్ అనే సౌండ్ సర్వర్‌ను తెచ్చాడు. పక్కవాద్యాలన్నీ ఒకే తాళానికి నడిచినట్టు, అందులో ప్రోగ్రాములన్నీ ఒకే గడియారానికి నడుస్తాయి. ఇవన్నీ పైమెట్లు. అసలు చిక్కు కెర్నెల్ లోతుల్లోనే ఉంది. ఇంగో మోల్నార్, థామస్ గ్లీక్స్‌నర్ తదితరులు కెర్నెల్‌ను దాదాపు ఏ క్షణంలోనైనా ఆపి ముఖ్యమైన పనికి దారి ఇప్పించే మార్పులు చేశారు. ఆ మార్పులు దాదాపు ఇరవై ఏళ్లు విడి ప్యాచ్‌గా తిరిగాయి. 2024లో 6.12 కెర్నెల్‌తో లోపలికి వచ్చాయి. అది ఎంత ఓర్పుతో చేసిన పనో తలచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఈ తంటా ఎందుకు, చిన్న మైక్రోకంట్రోలర్ అయితే అడ్డుపడేవాళ్లే ఉండరు కదా అనేవాళ్ల మాటలో నిజముంది. వాద్యం శబ్దాన్ని మార్చడమనే ఒకే పని చేసే పెడల్‌కు అదే మేలు. అయితే దాని మీద యూఎస్‌బీ కీబోర్డు, ఫైళ్లు, నెట్‌వర్క్, ప్యూర్ డేటా, సూపర్‌కొలైడర్ లాంటి సంగీత ప్రోగ్రాములు అన్నీ కావాలంటే లినక్స్‌లో సిద్ధంగా ఉన్నవాటిని మళ్లీ మొదటినుంచి రాసుకోవాలి. లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయంలో పుట్టిన బేలా అనే శబ్దవేదిక రెండు దారులనూ కలిపింది. బీగల్‌బోన్ బ్లాక్ బోర్డు మీద లినక్స్ నడుస్తూనే ఉంటుంది. జెనోమై అనే రియల్‌టైమ్ పొర మాత్రం శబ్దం పనికి లినక్స్ కెర్నెల్‌కన్నా ముందు పీట వేస్తుంది. దాంతో ఆలస్యం ఒక మిల్లీసెకనుకు లోపే ఉంటుంది.

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌తో మొదలుపెట్టేవాళ్లకు శబ్దం లోపలికి తీసుకునే సాకెట్ బోర్డు మీద ఉండదు కాబట్టి యూఎస్‌బీ ఇంటర్‌ఫేసో ఐటూఎస్ కార్డో తప్పదు. ఇంకా ఖరీదైన బోర్డు కొనే ముందు వైఫై ఆపి, ప్రాసెసర్‌ను ఒకే వేగంలో నిలిపి, 256 శాంపిల్స్‌తో మొదలుపెట్టి, జాక్ చూపించే ఎక్స్‌రన్‌లు, అంటే తప్పిన గడువులు, కనబడనంతవరకు సగానికి సగం తగ్గించుకుంటూ పోవాలి.