దేశం కోసమే.. ఎవరిని అడిగి?

ప్రయోగం దగ్గర పడిందంటే ఇస్రో శాస్త్రవేత్తలు రాకెట్ నమూనా పట్టుకుని తిరుమల వస్తారు. స్వామివారి పాదాల చెంత పూజ చేయించుకుని కొండ దిగుతారు. సూళ్లూరుపేటలో చెంగాళమ్మకూ మొక్కుతారు. ప్రయోగం వేళకు ఆ ఊళ్లో మిద్దెలన్నీ జనంతో నిండిపోతాయి. పులికాట్ అవతల, శ్రీహరికోట చెట్ల మీంచి ముందు నిప్పు లేస్తుంది. చప్పుడు కాస్త ఆలస్యంగా వస్తుంది. వచ్చాక కిటికీ అద్దాలు అదురుతాయి. ‘రాకెట్టు పోతా ఉంది’ అంటూ పెద్దవాళ్లు పిల్లల్ని భుజాలకెత్తుకుంటారు. 2023 జులై 14 మధ్యాహ్నం చంద్రయాన్-3 పైకి లేచినప్పుడు ఇక్కడివాళ్ల కళ్లు చెమర్చాయంటే అందులో వింత లేదు. ఆ గర్వం మనందరిదీ.

ఆ గర్వానికి మూల్యం చెల్లించినవాళ్లు మాత్రం మన లెక్కల్లోకి రాలేదు.

ఎన్నికల సభలోనైనా, టీవీ చర్చలోనైనా, పార్లమెంటులోనైనా ‘దేశ ప్రయోజనం’ అనగానే ఎదుటివాళ్లు నోరు మూసుకోవాలన్న ధోరణి ముదిరింది. ప్రశ్నించినవాడికి దేశం మీద ప్రేమ లేదని ముద్ర వేస్తున్నారు. రాచరికంలో అయితే దేశానికి ఏది మంచిదో రాజు తేలుస్తాడు. ప్రజాస్వామ్యంలో అది తేల్చాల్సింది ప్రజలు. అందులోనూ ఎవరి నేల పోతుందో, ఎవరి నీళ్లు పోతాయో ముందు వాళ్ల మాట వినాలి. వినకుండా చేసిన పని ఎంత గొప్పదైనా, అందులో వాళ్లకు తీర్చాల్సిన బాకీ ఉండిపోతుంది. శ్రీహరికోటలో ఆ బాకీ అర్ధ శతాబ్దంగా అలాగే ఉంది.

తూర్పున బంగాళాఖాతం, పడమట పులికాట్ సరస్సు. మధ్యలో అడవితో నిండిన దీవి. భూమి తిరిగే దిక్కుకే, అంటే తూర్పుకు ప్రయోగిస్తే రాకెట్‌కు భూభ్రమణ వేగం కలిసొస్తుంది. పొరపాటున కూలినా కింద సముద్రమే. భూమధ్యరేఖకు మరీ దూరం కాదు, జనం తక్కువ. విక్రమ్ సారాభాయ్ నాయకత్వంలో 1969లో ఈ చోటును ఎంచుకోవడానికి కారణాలివి. 43 వేల ఎకరాలకు పైగా నేల అంతరిక్ష కేంద్రం చేతికి వచ్చింది. 1971 అక్టోబర్ 9న తొలి రోహిణి సౌండింగ్ రాకెట్ ఇక్కడి నుంచి ఎగిరింది. 2002లో కేంద్రానికి సతీష్ ధవన్ పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో ఇది నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది.

‘జనం తక్కువ’ అన్నచోట ఉన్న జనం ఎవరు? ఎక్కువమంది యానాదులు. తేనె, వేర్లు, దుంపలు, చేపలు వాళ్ల బతుకు. ఏ మొక్క ఏ జబ్బుకు పనికొస్తుందో, పాము ఏ పుట్టలో ఉందో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. వాళ్ల అడవి ప్రభుత్వం చేతికి పోవడం 1969 నాటి ముచ్చట కూడా కాదు. మద్రాసు నగరానికి వంటచెరకు కావాలని 1835లోనే కంపెనీ ప్రభుత్వం ఈ దీవిని తన అధీనంలోకి తీసుకుంది. అప్పుడు కట్టెల కోసం, తర్వాత రాకెట్ల కోసం. మొదటిది వలస పాలకుల అవసరం, రెండోది మన దేశ అవసరం. రెండింటినీ ఒకే గాటన కట్టలేం. కానీ యానాది గుడిసె దగ్గర నిలబడి చూస్తే రెండుసార్లూ ఆర్డరు పైనుంచే వచ్చింది.

అప్పుడు అమల్లో ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టం. ‘ప్రజా ప్రయోజనం’ అని ప్రభుత్వం ప్రకటిస్తే చాలు, నిర్వాసితుల సమ్మతి అక్కర్లేదు, పునరావాసం కల్పించే బాధ్యతా లేదు. పట్టా ఉన్నవాడికి పరిహారం అందుతుంది. అడవే ఆస్తిగా బతికినవాడి దగ్గర చూపించడానికి కాగితమే ఉండదు. గిరిజనుల భూములకు రక్షణగా పేరున్న 1/70 నిబంధన సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చింది. అది షెడ్యూల్డ్ ప్రాంతాలకే వర్తిస్తుంది. శ్రీహరికోట అందులో లేదు. అడవిలో బతికే గిరిజనులకు దేశమంతటా హక్కులిచ్చే చట్టం 2006 దాకా రానేలేదు.

కేరళలోని తుంబాలో కథ వేరుగా నడిచింది. 1960ల మొదట్లో అక్కడ చర్చి స్థలం కావాల్సి వచ్చినప్పుడు సారాభాయ్ స్వయంగా బిషప్ పీటర్ బెర్నార్డ్ పెరీరాను కలిశారు. బిషప్ ఆదివారం ప్రార్థనకు వచ్చిన జనం ముందు విషయం పెట్టారు. వాళ్లు సరేనన్నారు. అబ్దుల్ కలాం ఎంతో ఇష్టంగా చెప్పుకున్న సంగతి ఇది. దేశం చేయి చాచి అడిగితే పేద మత్స్యకారులు కాదనలేదు. యానాదులనూ అలాగే అడిగి ఉంటే కాదనేవాళ్లని ఎందుకనుకోవాలి? వాళ్ల తరఫున మాట్లాడటానికి బిషప్ లేడు. వాళ్ల కోసం ఏళ్ల తరబడి పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య లాంటి నెల్లూరు పెద్దలు ఉన్నా, చట్టంలో అలా అడగడానికి చోటు లేదు.

ఈ రోజుకైనా శాసనసభలో వాళ్ల గొంతు ఉందా? ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీలకు కేటాయించిన అసెంబ్లీ స్థానాలు 7. పాలకొండ నుంచి పోలవరం దాకా అన్నీ ఉత్తరాంధ్ర, గోదావరి ఏజెన్సీలవే. ఉన్న ఒక్క ఎస్టీ లోక్‌సభ స్థానం అరకు. రాష్ట్రంలోని పెద్ద గిరిజన తెగల్లో యానాదులొకరు. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు, ప్రకాశం జిల్లాల్లో ఊరికి కొన్ని గుడిసెలుగా చెదిరిపోయి ఉండటంతో ఎక్కడా గెలుపోటములు తేల్చే సంఖ్యలో లేరు. చెరువు కట్టల మీద, కాలువ గట్ల మీద, రొయ్యల గుంటల పక్కన కాపలా కూలీలుగా కనిపిస్తారు. కుల ధ్రువీకరణ పత్రం కోసం తిరిగే యానాది కుటుంబాలు ఇవాళ్టికీ ఉన్నాయి. ఓటు లెక్క చిన్నదైనప్పుడు త్యాగం ఎంత పెద్దదైనా రాజకీయానికి కనపడదు.

అలాగని మన ప్రాంతం దేశం కోసం ఇవ్వడానికి ఎన్నడూ వెనకాడలేదు. కరవు సీమ మీదుగా కృష్ణా నీళ్లు చెన్నై గొంతు తడపడానికి వెళ్తున్నాయి. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ఒప్పందం చేసుకున్నాక అది తెలుగుగంగ అయింది. మద్రాసుకు తాగునీటితో పాటు రాయలసీమ, నెల్లూరు పొలాలకు సాగునీరు కూడా అందులో చేరింది. 1996లో కండలేరు–పూండి కాలువ గుండా నీళ్లు తమిళనాడు సరిహద్దు దాటాయి. ఎన్నికైన ప్రభుత్వాలు ఎదురెదురుగా కూర్చుని బేరమాడుకుంటే దేశ ప్రయోజనంలో స్థానికుడికీ వాటా దొరుకుతుందని ఇది చూపించింది. మా ఆయకట్టుకు పూర్తిగా నీళ్లెప్పుడన్న సీమ రైతు ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. అయినా అతన్ని అసలు లెక్కలోకే తీసుకోకపోవడం కన్నా ఇది మేలు.

చట్టం కూడా ఆలస్యంగా దారికొచ్చింది. 2013 భూసేకరణ చట్టం పునరావాసాన్ని హక్కుగా మార్చింది, సామాజిక ప్రభావ అంచనా తప్పనిసరి చేసింది. అది అమల్లోకి వచ్చి ఏడాది తిరక్కుండానే, 2014 డిసెంబర్ 31న, పార్లమెంటు సమావేశాలు లేని సమయంలో కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది. రక్షణ, పారిశ్రామిక కారిడార్లు సహా ఐదు రకాల ప్రాజెక్టులకు సమ్మతి, ప్రభావ అంచనా అక్కర్లేదంది. దేశాభివృద్ధి కోసమేనని చెప్పింది. రైతులు, ప్రతిపక్షాలు గట్టిగా ఎదిరించడంతో మూడుసార్లు జారీ అయిన ఆ ఆర్డినెన్స్ 2015 ఆగస్టు 31న మురిగిపోయింది. చెన్నై–బెంగళూరు కారిడార్ దారిలో ఉన్న చిత్తూరు రైతుకు ఇది దూరపు వార్త కాదు. తిరుచానూరులో పుట్టి, తిరుపతి నుంచి, తర్వాత చిత్తూరు నుంచి లోక్‌సభకు గెలిచి, 1956 నుంచి 1962 దాకా స్పీకర్ స్థానంలో కూర్చున్న మాడభూషి అనంతశయనం అయ్యంగార్ నడిపిన సభను దాటేసి వచ్చిన ఆర్డినెన్స్ అది. దేశ ప్రయోజనం మీద వాదన జరగాల్సిన చోటు ఆ సభే.

బ్రెజిల్‌లో 1980లలో అల్కాంతర రాకెట్ కేంద్రం కోసం 300కు పైగా కిలొంబోలా కుటుంబాలను ఖాళీ చేయించారు. వాళ్లు పారిపోయిన బానిసల వారసులు. పోరాడగా పోరాడగా, 2023లో అంతర్ అమెరికా మానవ హక్కుల న్యాయస్థానంలో బ్రెజిల్ ప్రభుత్వం వాళ్లకు క్షమాపణ చెప్పింది. క్షమాపణతో రాకెట్ కేంద్రమూ మూతపడలేదు, దేశం పరువూ పోలేదు.

శ్రీహరికోటలో మూడో ప్రయోగ వేదికకు 2025 జనవరి 16న కేంద్ర మంత్రివర్గం 3,984.86 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. కట్టాల్సిందే. దాంతో పాటు ఇస్రో, తిరుపతి జిల్లా యంత్రాంగం కలిసి ఒక పని చేయాలి. దీవి ఖాళీ చేసిన కుటుంబాల వారసులు ఎక్కడున్నారో ఊరూరా తిరిగి పేర్లు రాయాలి. ఆ జాబితాను శాసనసభ ముందు పెట్టాలి. ఇంటి స్థలం లేనివాళ్లకు పట్టా, చదివే పిల్లలకు ఉపకార వేతనం, కొత్త వేదిక పనుల్లో శిక్షణతో కూడిన ఉద్యోగం ఇవ్వాలి. సూళ్లూరుపేటలో, సత్యవేడులో ఓటడగడానికి వచ్చి ‘దేశం కోసం’ అని మొదలుపెట్టే ప్రతి అభ్యర్థినీ ఈ జాబితా ఎక్కడుందో అడగండి.