హాల్ సూపర్, మాటే వినపడలేదు!

మా నర్సీపట్నంలో ఒక ఫంక్షన్ హాల్లో చెల్లి కూచిపూడి ప్రోగ్రామ్. జతులు ఒకదాని మీద ఒకటి పడిపోయి తాళం తప్పింది, స్టేజ్ మీదే ఏడ్చేసింది. అందరూ మైక్‌ని తిట్టారు. తప్పు గోడలదండీ! టైల్స్, గ్లాస్ సౌండ్‌ని మింగవు, వెనక్కి కొడతాయి. వాల్యూమ్ పెంచితే గోల కూడా పెరుగుతుంది.

1895లో హార్వర్డ్‌లో సాబిన్‌కీ ఇదే తలనొప్పి. ఖాళీ లెక్చర్ హాల్లో సౌండ్ 5.5 సెకన్లు మోగేది. రాత్రిళ్లు సీటు కుషన్లు మోసుకొచ్చి, పరిచి, కొలిచాడు. తేలిందేంటంటే, హాల్ పెద్దదైతే మోత ఎక్కువసేపు, మెత్తటి సరుకు పెరిగితే తక్కువసేపు. సింఫనీకి 2 సెకన్లు బాగుంటుంది, మాటకి 1 సెకను చాలు. బెర్లిన్ ఫిల్హార్మోనీని కాపీ కొడితే మన హరికథ మునిగిపోతుంది!

వచ్చే నెల చెల్లి మళ్లీ అక్కడే. ఈసారి వెనక గోడకి మందపాటి కర్టెన్లు కట్టిస్తున్నా. ముందూ తర్వాతా చప్పట్లు కొట్టి ఫోన్లో రికార్డ్ చేస్తా, మీరే వినండి.