కయాక్ చెక్క ఎందుకు వంగుతుంది? వంగకుండా ఏం చేయాలి?

స్క్రీన్ మీద ఫొటోలో ఉన్న పడవ చూడండి. దీన్ని కయాక్ అంటారు. ఒక్కరే కూర్చుని రెండు వైపులా తెడ్డు వేసుకుంటూ వెళ్లే సన్నటి పడవ. పొడవు 17 అడుగులు, వెడల్పు 22 అంగుళాలు. సియాటిల్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నప్పుడు అద్దింటి గ్యారేజీలో నేనే కట్టాను. ఐదు నెలల శని, ఆదివారాలు దీనికే పోయాయి. మధ్యలో ఒకసారి చెక్క వంగిపోయి, ఇక పనికిరాదు అనుకున్నా. ఎందుకు వంగింది, వంగకుండా ఏం చేయాలి, ఈరోజు అదే మాట్లాడుకుందాం.

ముందు ఇది ఎలా కడతారో రెండు ముక్కల్లో చెప్తా. కింద ఒక పొడవాటి దూలం ఉంటుంది, దాన్ని స్ట్రాంగ్‌బ్యాక్ అంటారు. దాని మీద అడుగుకొకటి చొప్పున ప్లైవుడ్ అచ్చులు నిలబెడతాం. ఆ అచ్చుల మీద పావు అంగుళం మందం, ముప్పావు అంగుళం వెడల్పు ఉన్న సెడార్ పట్టీలని ఒకదాని పక్కన ఒకటి జిగురుతో అతికిస్తూ వెళ్తాం. అంతా అయ్యాక చిత్రిక పట్టి, శాండ్‌పేపర్‌తో రుద్ది, బయట పక్క ఫైబర్‌గ్లాస్ క్లాత్ పరిచి ఎపాక్సీ పూస్తాం. అది గట్టిపడ్డాక అచ్చుల మీంచి లేపి, లోపల పక్క కూడా అదే పని చేస్తాం. పైకప్పు లాంటి డెక్‌ని కూడా ఇలాగే కట్టి, చివర్లో రెండూ కలిపేస్తాం.

బయట పక్క అయిపోయి, లోపల పక్క ఇంకా చేయని టైమ్ ఉంది చూశారా, నేను దెబ్బతిన్నది అక్కడే.

జనవరి నెల. బయట వాన, చలి. ఎపాక్సీ గట్టిపడాలంటే వెచ్చగా ఉండాలి కదా అని గ్యారేజీలో హీటర్ పెట్టా. బయట పక్క బాగా వచ్చింది. ఆ సంతోషంలో ఆదివారం రాత్రి పడవని అచ్చుల మీంచి లేపేశా. సోమవారం నుంచి ఆఫీసులో రిలీజ్ పని. రెండు వారాలు గ్యారేజీ మొహం చూడలేదు. హీటర్ మాత్రం ఆపలేదు. తర్వాత టేపు పెట్టి కొలిస్తే 22 అంగుళాలు ఉండాల్సిన చోట ఇరవైన్నరే ఉంది! రెండు పక్కలూ లోపలికి ముడుచుకున్నాయి. డెక్ దాని మీద కూర్చోదు.

మా నాన్నగారు వడ్రంగి. తణుకులో ముప్పై ఏళ్లుగా తలుపులు, గుమ్మాలు చేస్తున్నారు. నేను ఉలి పట్టకూడదనే బీటెక్ చదివించారు. అందుకే ఈ పడవ సంగతి అప్పటిదాకా ఆయనకి చెప్పలేదు. ఆ రోజు వేరే దారి లేక వీడియో కాల్ చేశా. "ఫోను లోపలికి తిప్పరా" అన్నారు. చూసి, "బయట కట్టేసి లోపల వదిలేశావేంట్రా? తలుపుకి ఒక పక్కే రంగేస్తే వంగదా?" అన్నారు. అంతే. నా రెండు వారాల తప్పు ఒక్క మాటలో తేలిపోయింది.

ఇప్పుడు దాని వెనక ఉన్న లెక్క చూద్దాం. చెక్క ఎప్పుడూ గాలిలోని తేమని పీలుస్తూ, వదులుతూ ఉంటుంది. తేమ ఎక్కితే ఉబ్బుతుంది, దిగితే తగ్గుతుంది. వానాకాలంలో తలుపులు పట్టేసేది ఇందుకే. అయితే ఈ మార్పు పొడవులో దాదాపు ఉండదు, అడ్డంగానే ఉంటుంది. వెస్ట్రన్ రెడ్ సెడార్ పచ్చి కర్రని పూర్తిగా ఎండబెడితే, కోసిన తీరుని బట్టి అడ్డంగా 2.4 నుంచి 5 శాతం దాకా తగ్గుతుంది. చాలా కలపలతో పోలిస్తే ఇది తక్కువే.

తగ్గినంత మాత్రాన చెక్క వంగదు. రెండు ముఖాలూ సమానంగా తగ్గితే పలక కాస్త చిన్నదవుతుంది, అంతే. ఒక ముఖం తగ్గి రెండోది తగ్గకపోతేనే వంకర వస్తుంది. అప్పడాలు ఎండబెట్టేటప్పుడు అమ్మ మధ్యలో తిప్పేస్తుంది కదా? తిప్పకపోతే పైపక్క ముందు ఆరి అంచులు లేచిపోతాయి. నా పడవకీ అదే జరిగింది. బయట ముఖాన్ని క్లాత్, ఎపాక్సీ పట్టేసి ఉంచాయి. లోపలి ముఖం హీటర్ వేడికి ఆరిపోయి తగ్గింది. గోడ మందం 6 మిల్లీమీటర్లే. ఒక పక్క గోడలో లోపలి ముఖం 1 మిల్లీమీటరు తగ్గినా ఆ గోడ 9 డిగ్రీల పైన తిరుగుతుంది. పై అంచు దగ్గరికి వచ్చేసరికి ఆ మిల్లీమీటరు అంగుళాల్లో కనిపిస్తుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఇదే తిరగబడి, పడవ విచ్చుకుంటుంది.

మరి ఏం చేయాలి?

ఒకటి, పట్టీలు కోసే ముందు చెక్కని పని చేయబోయే గదిలోనే రెండు మూడు వారాలు ఉంచండి. ఆ గది తేమకి అలవాటు పడుతుంది.

రెండు, స్ట్రాంగ్‌బ్యాక్ సూటిగా ఉందో లేదో దారం లాగి చూడండి. అది మెలి తిరిగి ఉంటే పడవ కూడా మెలి తిరుగుతుంది. పట్టీలు ఎడమకి ఒకటి, కుడికి ఒకటి చొప్పున అతికించండి. ఒకే పక్క వరసగా వేసుకుంటూ పోతే అటువైపు లాగేస్తుంది.

మూడు, బలవంతంగా వంచి పట్టీ వేయకండి. ఆ బిగువు చెక్కలోనే ఉండిపోయి, అచ్చులు తీయగానే బయటపడుతుంది.

నాలుగు, అన్నిటికంటే ముఖ్యమైనది. లోపల పని చేయడానికి చేతిలో టైమ్ ఉంటేనే పడవని అచ్చుల మీంచి లేపండి. లేపిన ఆ శని, ఆదివారాల్లోనే లోపల గీకి, రుద్ది, క్లాత్ వేసేయండి. కుదరకపోతే అచ్చుల మీదే ఉండనివ్వండి. లేపేశాక పని ఆగిపోతే, సరైన వెడల్పుకి కోసిన కర్రలు అంచుల మధ్య అడ్డంగా బిగించి, ప్లాస్టిక్ షీటు కప్పండి.

ఐదు, డెక్ అయిపోతే వాయిదా వేయకుండా కలిపేయండి. రెండూ కలిసి గొట్టంలా మూసుకున్నాక ఆకారం అంత తేలిగ్గా మారదు.

నా పడవని ఎలా కాపాడుకున్నానంటే, ముందు హీటర్ ఆపేశా. పది రోజులకి లోపలి చెక్క మళ్లీ తేమ పీల్చి సగానికి పైగా తెరుచుకుంది. మిగతాది అడ్డ కర్రలతో రోజుకి కొంచెం చొప్పున తోశా. 22 అంగుళాలు వచ్చాక, ఆ కర్రలు అలాగే ఉంచి లోపల క్లాత్ వేశా. డెక్ కూర్చుంది. ఇప్పుడా పడవ నా పాత రూమ్మేట్ దగ్గరుంది, వాడు లేక్ వాషింగ్టన్‌లో తిప్పుతూనే ఉన్నాడు.

మీరు పడవ కట్టకపోవచ్చు. కానీ చెక్కతో షెల్ఫ్ చేసినా, టేబుల్ చేసినా, పాలిష్ వేసేటప్పుడు కింది ముఖాన్ని మర్చిపోకండి. కంటికి కనపడని పక్క కూడా గాలి పీలుస్తుంది.

ఆ రోజు కాల్‌లో నాన్నగారు తిడతారనుకున్నా. తిట్టలేదు. పట్టీల అతుకులు దగ్గరగా చూపించమన్నారు. కాసేపు చూసి, "పర్లేదు, చేయి కుదిరింది" అన్నారు.

సరే ఫ్రెండ్స్, మళ్లీ కలుద్దాం. ఉంటా.