డెంగ్యూకు మందు వచ్చినదా?

వర్షకాలము ప్రవేశించినది మొదలు మా కోరుకొండ ప్రాంతమున నన్ను పలువురు అడుగు ప్రశ్న ఇది: "డెంగ్యూకి మందొచ్చిందంటండీ, నిజమేనాండీ?" ఈ ప్రశ్నకు సమాధానము తెలిసికొనుట ప్రాణరక్షణకు అవసరము.

దోమకాటు జ్వరములు మన గోదావరి సీమకు కొత్తవి కావు. 1965లో రాజమండ్రి, కాకినాడ, విశాఖపట్నములలో చికున్‌గున్యా వ్యాపించినది. నలుబది ఏండ్ల పిమ్మట, 2006లో, అదే జ్వరము మన రాష్ట్రముతోపాటు పలు రాష్ట్రములను చుట్టి, దేశమందు 13 లక్షలకు పైగా ప్రజలను మంచము పట్టించినది. డెంగ్యూను, చికున్‌గున్యాను మోయునది ఒకే జాతి దోమ. అది పగటివేళ కుట్టును.

కొత్త మందు కథ

బెల్జియమునందలి లూవెన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థ కలసి రూపొందించిన మాత్ర పేరు మోస్నోడెన్‌విర్. ఆకు, వక్క, సున్నము కలసిననే తాంబూలము పండును గదా! అట్లే డెంగ్యూ వైరస్‌లోని రెండు మాంసకృత్తులు జతకూడిననే అది శరీరములో పెరుగగలదు. ఈ మందు ఆ జతను కూడనీయదు. డెంగ్యూ నాలుగు రకములపైనను ఇది పనిచేయునని ప్రయోగశాలలో తేలినది. చికున్‌గున్యా వైరస్ వేరొక కుటుంబమునకు చెందినది గనుక దానికిది మందు కాదు.

అమెరికాలో ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద సేవకులకు ముందుగా ఈ మాత్ర నిచ్చి, పిదప బలహీనపరచిన డెంగ్యూ వైరస్‌ను ఎక్కించిరి. హెచ్చు మోతాదు పొందిన 10 మందిలో 6 గురి రక్తమున వైరస్ కానరాలేదని 2023లో ప్రకటించిరి. అయినను 2024 అక్టోబరులో ఆ సంస్థ క్షేత్రస్థాయి పరీక్షను నిలిపివేసినది. మందులో దోషము కారణము కాదనియు, తమ పరిశోధనల ప్రాధాన్యములు మారినవనియు తెలిపినది. కావున ఈ మాత్ర మందుల దుకాణములో దొరకదు. ఎవరైనను అమ్మజూపినచో నమ్మవలదు.

మన మూలికల మాట

తమిళనాడు ప్రభుత్వము డెంగ్యూ ప్రబలినపుడు నేలవేము కషాయమును పంచినది. బొప్పాయి ఆకు రసము ప్లేట్‌లెట్ కణములను పెంచునని కొన్ని చిన్న పరిశోధనలు సూచించినవి. ఇవి వైరస్‌ను నిర్మూలించునని మాత్రము రుజువు కాలేదు. గర్భిణులు ఈ రెంటిని వాడరాదు. ఆకురసముపై భారము వేసి రక్తపరీక్ష మానుట ప్రమాదకరము.

ఇంటిలో చేయవలసినవి

రెండు చెంచాల ధనియములను నలుగగొట్టి, రెండు గ్లాసుల నీటిలో మరిగించి, ఒక గ్లాసు మిగులునట్లు కాచి, చల్లార్చి కొంచెము కొంచెముగ త్రాగవచ్చును. కొబ్బరి నీరు, పలుచని గంజి, మజ్జిగ, ఓ.ఆర్.ఎస్. ద్రవము విరివిగా పుచ్చుకొనవలెను. జ్వరమునకు పారాసిటమాల్ చాలును. ఆస్పిరిన్, ఇబూప్రొఫెన్ రక్తస్రావమును హెచ్చించును గనుక ముట్టరాదు.

జ్వరము తగ్గినదని సంతోషించు సమయమే మిక్కిలి అపాయకరము. అపుడు తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళనుండి రక్తము, మగత, కాళ్ళు చేతులు చల్లబడుట వీనిలో ఏ ఒక్కటి కనిపించినను ఒక్క గంటయు జాగు చేయక ఆసుపత్రికి చేర్చవలెను.

గోలెములు, తొట్లు, కొబ్బరి బొండాలు, పాత టైర్లు, ఇవి ఆ దోమకు పురుటిళ్ళు. గ్రుడ్డు దోమగా మారుటకు ఇంచుమించు వారము, పది దినములు పట్టును. గ్రుడ్లు గోడలకు అంటి ఎండినను బ్రతుకును. కనుక వారమున కొకసారి నీరు పారబోసి, లోపలి అంచులను పీచుతో రుద్ది కడిగి ఆరబెట్టవలెను. మందు వచ్చువరకు మన చేతిలోనున్న మందు ఇదియే.