కారు బంపర్‌కు ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేస్తున్నారా? సంతకం పెట్టే ముందు ఈ లెక్క చూసుకోండి!

అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో కారు రివర్స్ తీస్తుంటే పిల్లర్‌కు తగిలి బంపర్ పగిలింది. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే అక్కడ అడిగే మొదటి మాట.. ‘ఇన్సూరెన్స్‌లో చేసేద్దామా సార్?’ చాలామంది వెంటనే సరే అనేస్తారు. ఏటా ప్రీమియం కడుతున్నాం కదా, వాడుకుంటే తప్పేంటి అన్నది వాళ్ల లెక్క. కానీ ఆ ఒక్క సంతకంతో ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న డిస్కౌంట్ ఒక్కసారిగా సున్నా అయిపోతుంది. ఆ డిస్కౌంట్ పేరే నో క్లెయిమ్ బోనస్.. అందరూ అనే ఎన్‌సీబీ.

ఏడాది పాటు క్లెయిమ్ చేయకపోతే రెన్యువల్‌లో 20 శాతం తగ్గుతుంది. వరసగా రెండేళ్లయితే 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, ఐదేళ్లకు 50 శాతం. అక్కడితో ఆగిపోతుంది. మధ్యలో ఒక్క క్లెయిమ్ చేస్తే మాత్రం మెట్టు మెట్టుగా దిగడం ఉండదు, నేరుగా కిందకే.

చాలామంది పొరబడేది ఇంకోచోట. 50 శాతం ఎన్‌సీబీ అంటే మొత్తం బిల్లులో సగం తగ్గుతుందనుకుంటారు. అలా కాదు. ఫుల్ ఇన్సూరెన్స్‌లో రెండు భాగాలుంటాయి. ఒకటి థర్డ్ పార్టీ. మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి ఇది. దీని రేటు కేంద్రమే ఖరారు చేస్తుంది. 1000 నుంచి 1500 సీసీ మధ్య కార్లకు 2022 జూన్‌లో పెట్టిన రేటు ఏడాదికి రూ.3,416. ఎన్‌సీబీ ఎంతున్నా ఇందులో రూపాయి కూడా తగ్గదు. రెండోది ఓన్ డ్యామేజ్, అంటే మన కారుకు జరిగే నష్టం. డిస్కౌంట్ దీని మీదే.

అసలు లెక్క ఇదీ..

ఓన్ డ్యామేజ్ ప్రీమియం రూ.12,000 అనుకుందాం. 50 శాతం ఎన్‌సీబీ ఉన్న ఓనర్ కట్టేది రూ.6,000. ఈ ఏడాది ఒక క్లెయిమ్ చేశారు. వచ్చే రెన్యువల్‌లో పూర్తిగా రూ.12,000 కట్టాలి. ఆ తర్వాత క్లెయిమ్‌లు లేకపోతే వరసగా రూ.9,600, రూ.9,000, రూ.7,800, రూ.6,600. ఆరో రెన్యువల్‌కి గానీ మళ్లీ రూ.6,000కు రారు. క్లెయిమ్ చేయకుండా ఉంటే ఈ ఐదేళ్లూ ఏటా రూ.6,000 చొప్పునే అయ్యేది. తేడా మొత్తం కూడితే రూ.15,000! కారు పాతబడేకొద్దీ దాని విలువ, దాంతోపాటు ప్రీమియం తగ్గుతాయి కాబట్టి నిజంగా పోయేది ఇంతకంటే కాస్త తక్కువే ఉంటుంది. జీఎస్టీ కలిపితే మళ్లీ పెరుగుతుంది.

మరి క్లెయిమ్‌లో వచ్చేదెంత? బంపర్‌కు రూ.5,000, పెయింట్, లేబర్‌కు రూ.3,000.. బిల్లు రూ.8,000 అయిందనుకోండి. జీరో డెప్ కవర్ లేకపోతే ప్లాస్టిక్ పార్టుల ధరలో సగం కోసేస్తారు. అంటే రూ.2,500 పోయింది. 1500 సీసీ లోపు కారైతే ప్రతి క్లెయిమ్‌లో తప్పనిసరిగా రూ.1,000 ఓనరే పెట్టుకోవాలి. పెయింట్‌లోనూ కొంత కోత ఉంటుంది. చివరికి చేతికి వచ్చేది రూ.4,500 కూడా ఉండదు. దానికోసం రూ.15,000 దాకా పోగొట్టుకోవడం!

ఎన్‌సీబీ 20 శాతమే ఉన్నా నష్టం తప్పదు. ఇదే ప్రీమియానికి వచ్చే ఐదేళ్లలో రూ.9,600 తేడా వస్తుంది.

అలాగని క్లెయిమే చేయొద్దని కాదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద విజయవాడ కాలనీల్లో కార్లను ముంచేసింది. అలాంటి నష్టానికి, పెద్ద యాక్సిడెంట్‌కు ఎన్‌సీబీ గురించి ఆలోచిస్తూ కూర్చోవడం తెలివితక్కువే. ఇన్సూరెన్స్ ఉన్నది అందుకే. క్లెయిమ్ చేసినా బోనస్ పోకుండా ఎన్‌సీబీ ప్రొటెక్ట్ అనే యాడ్ ఆన్ కూడా ఉంది. ఏడాదికి ఎన్ని క్లెయిమ్‌ల వరకు అన్నది కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి షరతులు చదివాకే తీసుకోవాలి.

‘నో’ నొక్కితే అంతే సంగతులు

కంపెనీ మారినా ఎన్‌సీబీ వెంట వస్తుంది. ఆన్‌లైన్‌లో కొత్త పాలసీ తీసుకునేటప్పుడు ‘గతేడాది క్లెయిమ్ చేశారా?’ అని అడుగుతుంది. కొందరు చేసి కూడా ‘నో’ నొక్కేస్తారు. వెంటనే రేటు తగ్గిపోతుంది, పాలసీ కూడా వచ్చేస్తుంది. అసలు చిక్కు తర్వాతే. కొత్త కంపెనీ పాత కంపెనీని అడిగి సరిచూసుకుంటుంది. అబద్ధమని తేలితే, రేపు లక్షల్లో డ్యామేజ్ అయినప్పుడు ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ తిరస్కరించే హక్కు కంపెనీకి ఉంటుంది. రేటు తక్కువ చూపించడానికి ఏజెంటే అలా నింపినా, జవాబుదారీ ఓనరే. అందుకే పాలసీ కాపీ రాగానే అందులో ప్రింట్ అయిన ఎన్‌సీబీ శాతం సరైనదో కాదో ఒకసారి చూసుకోవాలి.

ఎక్కువమంది వదిలేసుకునే డబ్బు మరొకటుంది. ఎన్‌సీబీ కారుది కాదు, ఓనర్‌ది. పాత కారు అమ్మినా, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చినా బోనస్ మనతోనే ఉంటుంది. ఫామ్ 29, 30 లాంటి అమ్మకం కాగితాలు చూపించి పాత కంపెనీ నుంచి ఎన్‌సీబీ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. అది మూడేళ్లు చెల్లుతుంది. కొత్త కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియం రూ.30,000 ఉంటే, 50 శాతం సర్టిఫికెట్‌తో సగం మిగిలినట్టే. షోరూమ్‌లో ఈ విషయం అడిగితేనే చెప్తారు, కాబట్టి అడగాలి. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లకు మాత్రం పాత ఓనర్ బోనస్ రాదు.

పాలసీ గడువు ముగిసిన 90 రోజుల్లోపు రెన్యువల్ చేస్తేనే ఎన్‌సీబీ నిలుస్తుంది. 91వ రోజైతే 50 శాతం ఉన్నా సున్నాయే. ఆ 90 రోజులు కవర్ ఉంటుందనుకుంటే మాత్రం పొరపాటు. మధ్యలో కారు రోడ్డెక్కితే అది ఇన్సూరెన్స్ లేని బండే, ఏం జరిగినా ఖర్చంతా ఓనర్ నెత్తినే.