ఆవుకు కడుపులెన్ని?

నెమరువేసే పశువులకు నాలుగు కడుపులుంటాయన్న మాట పల్లెల్లోనే కాదు, తరగతి గదుల్లోనూ వినిపిస్తుంది. శరీర నిర్మాణ శాస్త్రం దీనిని అంగీకరించదు. రూమెన్, రెటిక్యులం, ఒమేసం, అబోమేసం అన్నవి ఒకే జీర్ణాశయంలోని నాలుగు గదులు.

జంతుదేహంలోని బహుకణ నిర్మాణాల వర్గీకరణలో మొదట చూసేది స్థాయి. కణాలు కలిసి కణజాలం, కణజాలాలు కలిసి అవయవం, అవయవాలు కలిసి వ్యవస్థ ఏర్పడతాయి. 1801లో ఫ్రెంచి వైద్యుడు జేవియర్ బిషా సూక్ష్మదర్శిని సాయం లేకుండానే 21 రకాల కణజాలాలను పేర్కొన్నాడు. నేడు ఉపకళా, సంయోజక, కండర, నాడీ కణజాలాలనే నాలుగు ప్రధాన వర్గాలు వాడుకలో ఉన్నాయి. ఈ మెట్ల వరుస సులువైనదే. ఒక నిర్మాణాన్ని ఏ ప్రాతిపదికపై ఒక వర్గంలో చేర్చాలన్న దగ్గరే చిక్కు వస్తుంది.

లోపలి పొరను బట్టి చూస్తే ఆవు జీర్ణాశయంలో ఉన్నవి రెండు భాగాలే. మొదటి మూడు గదుల్లో చర్మాన్ని పోలిన పలు వరుసల ఉపకళ ఉంటుంది, జీర్ణరస గ్రంథులుండవు. ఆమ్లం, జీర్ణ ఎంజైములు ఊరేది అబోమేసంలోనే. అందుకే దానిని నిజ జఠరమంటారు. ఈ తేడాను చూసి మొదటి మూడింటిని అన్నవాహిక ఉబ్బులుగా తలచినవారు లేకపోలేదు. పిండాభివృద్ధి శాస్త్రం ఆ సందేహాన్ని తీర్చింది. నాలుగు గదులూ పిండంలో కదురు ఆకారంలో ఉండే ఒకే తొలి జీర్ణాశయం నుంచి ఏర్పడతాయి.

కోడి సంగతి వేరు. గింజలను నిలవచేసే మేతసంచి పైకి రూమెన్‌ను తలపించినా అది అన్నవాహికలో భాగం. కందనకాయ మాత్రం జీర్ణాశయంలో భాగం. పని పోలినంత మాత్రాన పుట్టుక ఒకటి కాదు. 1843లో రిచర్డ్ ఓవెన్ నిర్మాణసామ్య, క్రియాసామ్య అవయవాలను విడదీసి నిర్వచించింది ఈ భేదాన్నే.

లేగదూడ పెంపకంలో ఈ విషయం ఒక్కోసారి ప్రాణంతో ముడిపడుతుంది. పుట్టిన దూడలో అబోమేసమే పెద్ద గది. రూమెన్ ఇంకా పనిచేయదు. దూడ పాలు చీకేటప్పుడు రెటిక్యులం గోడలోని గాడి గొట్టంలా మూసుకొని పాలను రూమెన్‌లో పడనీయకుండా అబోమేసం వైపు మళ్లిస్తుంది. గొట్టంతో లోపలికి వదిలిన పాలు రూమెన్‌లో పడతాయి. పదేపదే అలా జరిగితే పాలు అక్కడే పులిసి, పొట్ట ఉబ్బి, దూడ చిక్కిపోతుంది. చీకలేని దూడకు ముర్రుపాలు గొట్టంతో పట్టడం అత్యవసర చర్యే గాని రోజువారీ పద్ధతి కాదు.

పెద్ద పశువులో జీర్ణాశయ పరిమాణంలో సుమారు 80 శాతం రూమెన్‌దే. దాణా పులిసినప్పుడు వెలువడే బ్యూటిరిక్ ఆమ్లం రూమెన్ లోపలి చిన్న వేళ్లవంటి మొలకలను పెంచుతుంది. అందుకే పాలు మాన్పించేదాకా ఆగకుండా, మొదటి వారం నుంచే దూడ ముందు కొద్దిగా దాణా, శుభ్రమైన నీరు ఉంచాలి.